ఇనుము కనపడేదాకా

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బు పట్టింది గానీ కురిసే ఉద్దేశం ఉన్న మబ్బు కాదది. పనిలేని చుట్టంలా వచ్చి కూర్చుంది. గాలిలో తడి ఉంది. అలాంటి రోజున అద్దం మేస్త్రీ స్ప్రే గన్ను ముట్టడు. తడి గాలిలో వేసిన రంగు ఆరేసరికి తెల్లగా మసకబారుతుంది. అందుకని షెడ్డు ముందు స్టూలు వేసుకుని, ఎవరిదో బండి ట్యాంకును ఒళ్లో పెట్టుకుని, నీళ్లలో తడిపిన వాటర్ పేపరుతో రుద్దుతున్నాడు. కాసేపు రుద్దడం, బొటనవేలితో తడిమి చూడడం, మళ్లీ రుద్దడం. ఆయన రంగేసిన ట్యాంకులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చని వీధిలో అంటారు. ఆ మాట మీదే ఆయనకు ఆ పేరు నిలిచిపోయింది. అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

షెడ్డులో ఒక మూల కొడుకు ఇంజన్లు విప్పుతాడు. కిటికీ కింద బల్ల కోడలిది. దాని మీద రంగురంగుల వైర్ల చుట్టలు, బల్బులు, టంకం పెట్టే కడ్డీ, ఒక టెస్టు బల్బు. టెస్టు బల్బంటే పెద్ద పరికరం ఏమీ కాదు. చిన్న బల్బుకు రెండు వైర్లు అతికించి, ఒక కొసన సూది, ఇంకో కొసన క్లిప్పు. కరెంటు ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అని దాన్ని అడిగితే చెబుతుంది. ఆ బల్బుతో మాట్లాడినంత సేపు ఆవిడ మనుషులతో మాట్లాడదని మొగుడు ఎగతాళి చేస్తాడు.

రొట్టెలాయన బండి తోసుకుంటూ వచ్చాడు. ఎక్కి రాలేదు. ఎడమ మణికట్టుకు కట్టు ఉంది. వెనక క్యారియరు మీద రొట్టెల పెట్టె ఒక వైపు సొట్టపోయింది.

"ఏంటయ్యా, నడిపించుకొస్తున్నావు? బండి అలిగిందా?" అన్నాడు ఎదుటి అరుగు మీద పంక్చర్లేసే బాబాయి.

"అలగలేదు బాబాయ్, పడేసింది. వంతెన దగ్గర మలుపు తిరుగుతుంటే లైటు పుటుక్కున పోయింది. ఇంకా తెల్లవారలేదు, కళ్లు పొడుచుకున్నా కనపడలా. తిన్నగా కంకర కుప్పలోకి పోయా. రొట్టెలన్నీ రోడ్డు పాలు. కుక్కలు నన్ను చూసి తోకలూపడమే తోకలూపడం."

"పోనీలే, నీ రొట్టె బాగుందన్నవాళ్లు ఇన్నాళ్లకి దొరికారు."

రొట్టెలాయన నవ్వబోయి మణికట్టు కదిలి మూలిగాడు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగాడు. "రంగుకి మాత్రం ఏం కాలేదు మేస్త్రీగారూ. అంత కంకర మీద పడ్డా ఒక్కటే గీత. అదీ వెతికితేగాని కనపడదు. రంగంటే మీదే రంగు."

మేస్త్రీ ట్యాంకు కింద పెట్టి లేచాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. అది రొట్టెలాయన తండ్రి నడిపిన పాత బండి. మొన్నటిదాకా తుప్పు ముద్ద. ఇంజను కొడుకు చేశాడు, వైర్లన్నీ కోడలు కొత్తగా లాగింది, రంగు ఆయన వేశాడు. నల్ల రంగు. ఆ మబ్బు వెలుతురులో కూడా నల్లగా మెరుస్తోంది. ఆయన గీత దగ్గర ఆగి బొటనవేలు ఆనించాడు. "ఇది నేను చూసుకుంటా" అన్నాడు. తర్వాత షెడ్డు లోపలికి చూడకుండానే, "లైటు సంగతి లోపల అడుగు" అన్నాడు.

లోపల కోడలు టంకం పెడుతున్న వైరును అలాగే పట్టుకుని వింటోంది. ఆ మాట విని కడ్డీని స్టాండు మీద పెట్టింది. చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది.

"దెబ్బ గట్టిగా తగిలిందా అన్నా?"

"నా దెబ్బ పోనీ చెల్లెమ్మా. రేపు మళ్లీ ఇదే దారి, ఇదే చీకటి. ఊళ్లోవాళ్లు లేచేసరికి రొట్టె గుమ్మంలో ఉండాలి. లైటు మీద నమ్మకం లేకపోతే నేనెట్లా నడపను?"

ఆవిడ వంగి స్విచ్చి వేసింది. లైటు భేషుగ్గా వెలిగింది. ఆర్పి మళ్లీ వేసింది. మళ్లీ వెలిగింది.

"అదే కదా దీని మాయ! ఇక్కడ వెలుగుతుంది. కంకర కుప్పలో పడి లేచి చూసినా వెలుగుతూనే ఉంది, నన్ను చూసి నవ్వినట్టు. ఆ మలుపులోనే పోయింది" అన్నాడు రొట్టెలాయన.

పక్కన కట్టెల కొట్టు మనిషీ, నీళ్ల బండి మనిషీ వచ్చి నిలబడ్డారు. ఇలాంటి చోట జనానికి పిలుపు అక్కర్లేదు. "వైరింగుదే ఉంటుంది" అని ఒకరన్నారు. "ఆడపిల్ల చెయ్యి, బిగువు చాలకపోయి ఉంటుంది" అని ఇంకొకరు. కోడలు వాళ్ల వైపు చూడలేదు. మామగారి వైపు చూసింది.

మేస్త్రీ గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు. "చీకట్లో తిరిగే మనిషికి లైటంటే కన్ను. కన్నుతో ఆటలేంటి? ఎల్లుండి పొద్దుటికి సంగతి తేలకపోతే బస్టాండు దగ్గర వైర్ల మనిషిని పిలుస్తా. ఇక మీదట షెడ్డులో రంగూ ఇంజనూ చాలు. లైట్ల పని అక్కడికే పంపుదాం. ఇంట్లో పని ఇంట్లో ఉండనే ఉంది."

ఆ ఆఖరి మాట ఎవరికో అందరికీ తెలుసు.  పంక్చరు బాబాయి ఒక్కడే, "ఏమోయ్ అద్దం, అద్దంలో మొహం చూసుకుని మాట్లాడు" అని గొణిగాడు. అదీ ట్యూబులోకి గాలి కొట్టే చప్పుడులో కలిసిపోయింది.

కోడలు అక్కడ నిలబడలేదు. బండిని స్టాండు దించి లోపలికి తోసుకుపోయింది. బరువైన బండి. మొగుడు సాయానికి వస్తే మోచేత్తో వద్దన్నట్టు చేసింది.

ఆ రోజంతా ఆవిడ బండితోనే ఉంది. ముందు లైటు డూమ్ విప్పింది. బల్బు తీసి చెవి దగ్గర ఊపింది. లోపలి తీగ తెగి ఉంటే సన్నగా గలగలమంటుంది. అనలేదు. బల్బు కూర్చునే హోల్డరు కాళ్లు పదునుగా, శుభ్రంగా ఉన్నాయి. స్విచ్చి విప్పింది. లోపల రాగి బిళ్లలు మెరుస్తున్నాయి. అయినా గుడ్డతో తుడిచింది. వైరును కొస నుంచి కొస దాకా వేళ్ల మధ్య జారుస్తూ వచ్చింది. పై తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగిన చోట వైరు మెత్తగా, మెడ విరిగినట్టు వంగుతుంది. అలాంటి చోటు దొరుకుతుందేమోనని హ్యాండిలు మెడ దగ్గర మరీ మరీ నలిపి చూసింది. దొరకలేదు. వైరు బాగుంది. ఆ వైరు మీద తను వేసిన ప్రతి అతుకూ వేసినట్టే ఉంది. వాటిని చూసుకుంటుంటే ఆవిడకు భయం పోయి ఇంకోటేదో వచ్చింది. పని బాగుంది. పని బాగుంటే తప్పు ఎక్కడిది?

"అన్నం చల్లారిపోతోంది" అని అత్త గుమ్మంలోంచి కేకేసింది.

"వస్తున్నానత్తా."

రాలేదు. అత్తే కంచం తెచ్చి బల్ల మీద, వైర్ల పక్కన పెట్టి పోయింది.

*

మర్నాడూ మబ్బు విడవలేదు. మేస్త్రీ గీత పడిన చోట లప్పం పెట్టి, ఆరనిచ్చి, గీకి, మళ్లీ పెట్టాడు. మామాకోడళ్లు ఒకే బండికి రెండు వైపులా పని చేశారు. ఆయన వెనక చక్రం దగ్గర, ఆవిడ ముందు చక్రం దగ్గర. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వాళ్లిద్దరి మధ్య నడిచిన మాట ఒకటే.

"కాస్త జరుగమ్మాయ్, వెలుతురు అడ్డం."

జరిగింది.

ఆవిడ పుట్టింట్లో తండ్రి పక్కన కూర్చుని ఈ పని నేర్చుకుంది. ఆయన ఒక మాట అనేవాడు: లైటు పాడవలేదమ్మా, ఏదో చెబుతోంది, నీకు వినపడడం లేదు. ఆ మాట గుర్తొచ్చి ఇప్పుడు ఆవిడకు కోపం వచ్చింది. చెప్పేదేదో గట్టిగా చెప్పి చావచ్చు కదా అనుకుంది.

మధ్యాహ్నం షెడ్డు తలుపులు వేయించింది. కిటికీకి గోనెపట్టా కట్టింది. లోపల చీకటయింది. మొగుణ్ణి బండెక్కి కూర్చోమంది.

"నన్నెందుకు?"

"రోడ్డు మీద బండి మీద మనిషి ఉంటాడు కదా. ఉత్త బండి ఒకలా ఉంటుంది, మనిషెక్కితే ఒకలా ఉంటుంది."

"పెళ్లయ్యాక మగాడు కూడా అంతే" అని ఎక్కి కూర్చున్నాడు. ఇంజను స్టార్టు చేశాడు. లైటు గోడ మీద పెద్ద పసుపు పళ్లెంలా పడింది.

"హ్యాండిలు కుడికి తిప్పండి." తిప్పాడు. లైటు ఉంది. "ఎడమకి." తిప్పాడు. ఉంది. "బ్రేకు తొక్కండి. హారను కొట్టండి. పైకీ కిందకీ ఊగండి." అతను పిల్లాడు కొయ్యగుర్రం మీద ఊగినట్టు ఊగాడు. గోడ మీద పసుపు పళ్లెం కూడా ఊగింది తప్ప ఆరలేదు. ఆవిడ డూమ్‌ను పిడికిలితో తట్టింది. వైర్ల కట్టను లాగింది. ఆరలేదు.

"ఇంకోసారి ఎడమకి. పూర్తిగా."

"చెయ్యి నొప్పెడుతోందే. ఈ క్లచ్ గట్టిగా ఉంది."

"అయితే క్లచ్ ఎందుకు పట్టుకున్నారు?"

"గేరులో ఉందేమోనని. ఇంజను నడుస్తుంటే నా చెయ్యి దానంతటదే దాని మీదికి పోతుంది, నేనేం చెయ్యను."

ఆ మాట విన్నది. విని వదిలేసింది. ఆవిడ చూపంతా గోడ మీదే ఉంది.

తలుపులు తీసేసరికి మేస్త్రీ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.  కోడలి మొహం చూస్తే అడగనక్కర్లేకపోయింది. "సరే" అని లప్పం చాకును కిరసనాయిలు డబ్బాలో ముంచి కడుక్కోవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం అత్తా కోడలూ పెరట్లో గిన్నెలు తోముతుంటే, అత్త తలెత్తకుండా అంది: "మీ మామయ్యది చెడ్డ మనసు కాదమ్మా. ఆయన చేసిన బండి కింద పడిందన్న మాట ఓర్చుకోలేకపోతున్నాడు."

"బండి ఆయనొక్కరే చెయ్యలేదు కదత్తా."

అత్త గిన్నె తిప్పి తిప్పి తోమింది. "అదీ నిజమే" అంది చివరికి.

*

మూడో రోజు పొద్దున్నే మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని బస్టాండు వైపు వెళ్లాడు.  ఆయన అటు మలుపు తిరిగాడో లేదో ఇటు నుంచి రొట్టెలాయన వచ్చాడు. అద్దె సైకిలు మీద, ఒక్క చేత్తో. రొట్టెలు సగం ఇళ్లకు ఇచ్చేసరికే తెల్లారిపోయిందట.

"అన్నా, ఒకసారి బండెక్కు" అంది కోడలు. "ఆ మలుపులో నువ్వెట్లా కూర్చున్నావో అట్లాగే కూర్చో. నీ చేతులు ఎక్కడున్నాయో అక్కడే పెట్టు."

"ఎక్కడ పెడతానమ్మా, హ్యాండిలు మీదే."

"వేళ్లు?"

రొట్టెలాయనకు ఎప్పుడూ ఎవరూ అడగని ప్రశ్న అది. కళ్లు మూసుకుని ఆలోచించాడు. "కుడి చెయ్యి ఇదిగో, ఇక్కడ. మలుపులో నేను క్లచ్ ముట్టను. గేరులోనే తిప్పుతా. మా నాన్న అట్లాగే నేర్పాడు. ఎడమ చెయ్యి ఊరికే ఇట్లా ఆనించి ఉంటుంది." కట్టు కట్టిన చెయ్యి హ్యాండిలు మీద ఆనించాడు. వేళ్లు ముడిస్తే నొప్పి గనక అరచెయ్యి చాపినట్టే ఉంది.

తలుపులు వేశారు. గోనెపట్టా దించారు. లైటు గోడ మీద పడింది.

"వంతెన వచ్చింది. తిప్పు."

రొట్టెలాయన కుడిచేత్తో హ్యాండిలు నెట్టి ఎడమకు తిప్పాడు. గోడ మీది వెలుగు పక్కకు జరిగి, ఒకసారి మినుక్కుమని, పోయింది.

"ఇదిగో! ఇదిగో! ఇట్లాగే!" చీకట్లో రొట్టెలాయన గొంతు, పోయిన వస్తువు దొరికినట్టు. ఆ సంబరంలో బండి ఒక పక్కకు ఒరిగింది. మొగుడు చటుక్కున వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. పట్టుకోగానే వేళ్లు అలవాటు ప్రకారం క్లచ్ మీద పడి నొక్కాయి.

లైటు వచ్చింది.

"వదలండి" అంది కోడలు.

"వదిలితే పడిపోతాడే."

"బండిని కాదు. క్లచ్ వదలండి."

వదిలాడు. లైటు పోయింది. నొక్కాడు. వచ్చింది. వదిలాడు, పోయింది. ముగ్గురూ ఆ గోడనే చూశారు.

"ఇదేం చోద్యం? క్లచ్‌కీ లైటుకీ ఏం చుట్టరికం?" అన్నాడు రొట్టెలాయన.

కోడలు నవ్వింది. రెండు రోజులకు మొదటిసారి. "చుట్టరికం లేదన్నా, దొంగదారి. బల్బు దాకా కరెంటు వెళ్లడానికి వైరు ఉంది. తిరిగి బ్యాటరీకి రావడానికి బండి ఇనుమే దారి. ఎర్త్ అంటాం. అసలు దారి ఎక్కడో మూసుకుపోయింది. అందుకని పాపం అది లైటు డూమ్‌లోంచి హ్యాండిలుకీ, హ్యాండిలు నుంచి ఈ క్లచ్ కేబుల్ పట్టుకుని ఇంజనుకీ పాక్కుంటూ పోతోంది. కేబుల్ బిగిసి ఉన్నంతసేపూ దారి ఉంది. ఎడమకి తిప్పితే కేబుల్ వదులవుతుంది, దారి తెగుతుంది. మా ఆయన క్లచ్ నొక్కి మళ్లీ బిగిస్తున్నారు. నిన్నంతా అందుకే దొరకలేదు."

"అయితే తప్పు నాదేనా?" అన్నాడు మొగుడు.

"మీ చేతిది."

ఆవిడ ఒక పొడుగు వైరు తీసి ఒక కొస డూమ్‌కు, ఇంకో కొస ఇంజను బోల్టుకు ఆనించి పట్టుకుంది. రొట్టెలాయన ఎటు తిప్పినా, క్లచ్ ఎవరు పట్టినా పట్టకపోయినా, లైటు రాయిలా నిలబడింది. మునుపటికంటే తెల్లగా కూడా ఉంది.

ఇక మిగిలింది అసలు దారి ఎక్కడ మూసుకుందో చూడడం. దానికి ఆవిడకు టెస్టు బల్బు అక్కర్లేదు. బండి చేసేటప్పుడు డూమ్ నుంచి ఆవిడే ఒక ఎర్త్ వైరు లాగి, ట్యాంకు ముందు భాగం కింద, ఫ్రేము మెడ మీద బోల్టుతో బిగించింది. రంగులోంచి కరెంటు పోదు గనక అక్కడ బిగించే ముందు రంగు గీకింది. గోరంత మేర ఇనుము తెల్లగా బయటపడేదాకా గీకి, దాని మీద వైరు కొసనున్న బిళ్ల పెట్టి బిగించింది. ఆ రోజు లైటు వేసి అన్ని వైపులా తిప్పి చూసింది కూడా.

నేల మీద వెల్లకిలా పడుకుని ట్యాంకు కిందికి దీపం పట్టింది. బోల్టు ఉంది. వైరు బిళ్ల ఉంది. దాని చుట్టూ గీకిన మచ్చ లేదు. బిళ్ల అంచు దాకా, అంచు కిందికి కూడా, నల్లగా, నున్నగా, ఎక్కడా చుక్క జారకుండా రంగు ఉంది. స్పానరు పెట్టి చూసింది. బోల్టు కదలనంత బిగువుగా ఉంది. ఆవిడ బిగిస్తే వైరు తోక కిందికి ఉంటుంది. ఇది పక్కకి ఉంది.

అంత శుభ్రంగా రంగు వేసే చెయ్యి ఆ వీధిలో ఒకటే ఉంది.

ఆవిడ వెంటనే లేవలేదు. పడుకునే కాసేపు ఆ రంగును చూసింది. ఎవరికీ కనపడని చోట, ట్యాంకు కింద, వంగి చూసినా కనపడని చోట. అక్కడ కూడా ఆయన గీత కనపడనివ్వలేదు. కోపం వచ్చింది. కోపంతోపాటే, పనిచేసేవాళ్లకు మంచి పనివాణ్ణి చూసినప్పుడు కలిగేదేదో అది కూడా కలిగింది.

మొగుడు పక్కన చతికిలబడి తనూ తొంగిచూశాడు. చూసి ఈల వేయబోయి ఆగాడు. "మా అయ్య పనే" అన్నాడు మెల్లిగా.

అత్త గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "ఏం పోయిందిప్పుడు? ఒకసారి గీకి బిగించెయ్. బోల్టు వదులైందని చెప్పు. ఇంటిమాట ఇంట్లో ఉంటుంది" అంది.

"అదే నయం. అయ్య ఆ వైర్ల మనిషిని వెంటబెట్టుకొస్తున్నాడు. పదిమందిలో ఆయన్ని..." మొగుడు మాట పూర్తి చెయ్యలేదు.

కోడలు లేచి కూర్చుంది. జుట్టులో ఇసుక దులుపుకుంది. "నా బోల్టు వదులవలేదు" అంది. గట్టిగా అనలేదు. "వదులైందని నేను చెప్పను. ఆయన మీద చెప్పమన్నా చెప్పను. కానీ నా బోల్టు వదులవలేదు."

*

మేస్త్రీ వచ్చాడు. వెనక బస్టాండు వైర్ల మనిషి, భుజాన సంచీతో. నిన్నగాక మొన్న పని నేర్చుకున్నవాడు కాదు, మంచి పనిమంతుడే, నలుగురికీ తెలిసినవాడే. వాళ్లిద్దరి వెనక కట్టెల కొట్టు మనిషి, నీళ్ల బండి మనిషి. పంక్చరు బాబాయి అయితే చేతిలో టైరుతో సహా వచ్చి నిలబడ్డాడు.

"లైటు ఎందుకు పోతోందో తెలిసింది మేస్త్రీగారూ!" అన్నాడు రొట్టెలాయన ఆపుకోలేక. "క్లచ్ లోంచి పోతోందట కరెంటు! నా కళ్లారా చూశా!"

వైర్ల మనిషి కనుబొమలెత్తాడు. "ఎర్త్ పోయుంటుంది" అన్నాడు కోడలితో, ఒక పనివాడు ఇంకొక పనివాడితో అన్నట్టు.

"పోయింది" అంది.

"ఎక్కడ?"

"ట్యాంకు కింద బోల్టు దగ్గర."

"వదులైందా?" అని వంగబోతూ స్పానరు కోసం చెయ్యి చాపాడు.

కోడలు స్పానరు ఇవ్వలేదు. దాన్ని కొంగుతో తుడిచి, రెండు చేతులతో పట్టుకుని మామగారి ముందుకు చాపింది. "బోల్టు బిగువుగానే ఉంది మామయ్యా. మీరే విప్పి చూడండి."

"నాకేం తెలుసు వైర్ల సంగతి?"

"వైరు సంగతి కాదు. మీరు చూస్తే మీకే తెలుస్తుంది."

ఆయన అటూ ఇటూ చూశాడు. కొడుకు గోడ వైపు చూస్తున్నాడు. భార్య గుమ్మం వదిలి లోపలికి పోయింది. ఇది వద్దనడానికి ఆయనకు ఒక్క కారణమూ కనపడలేదు. స్పానరు తీసుకున్నాడు. ఉతికిన చొక్కాతోనే నేల మీద మోకాళ్లూని, తర్వాత ఒక మోచెయ్యి ఊని, పక్కకు ఒరిగి ట్యాంకు కిందికి తల పెట్టాడు. మోకాళ్లు పుల్లలు విరిచినట్టు చప్పుడు చేశాయి. కోడలు దీపం పట్టుకుంది.

బోల్టు గట్టిగా ఉంది. ఆయన ఊపిరి బిగబట్టి తిప్పాల్సి వచ్చింది. కిర్రుమని విడింది. వైరు బిళ్లను పక్కకు లాగాడు. దాని కింద, బిళ్ల ఒత్తుకున్న ముద్రతో సహా, నల్లటి రంగు నిగనిగలాడుతోంది.

ఆయన బొటనవేలు దాని మీదికి వెళ్లింది. ఆగింది.

ఎంతసేపు అలాగే ఉన్నాడో. బయట నుంచి చూసేవాళ్లకు ఆయన నడుమూ కాళ్లూ మాత్రమే కనపడుతున్నాయి. "ఏమైంది అద్దం, నిద్రపోయావా?" అన్నాడు పంక్చరు బాబాయి. 

మేస్త్రీ లేచి కూర్చున్నాడు. చొక్కాకు గ్రీజు అంటింది. చూసుకోలేదు. ఒకసారి కోడలి మొహంలోకి చూశాడు. ఆవిడ చూపు దించలేదు, గెలిచినట్టూ పెట్టలేదు. దీపం పట్టుకుని ఉంది, అంతే.

ఆయన మాట అందరికీ వినపడేలాగే వచ్చింది. "అమ్మాయి ఇక్కడ గీకి బిగించింది. గీకిన మచ్చ చూసి నేను ఓర్చుకోలేకపోయా. బండి ఇచ్చే ముందు రోజు సాయంత్రం బోల్టు విప్పి, రంగు వేసి, ఆరాక మళ్లీ బిగించా. ఎందుకు గీకిందో అడగలేదు. అడగాలని తోచలేదు." రొట్టెలాయన వైపు తిరిగాడు. "నిన్ను కంకరలో పడేసింది వైరు కాదయ్యా. నా రంగు."

రొట్టెలాయన ట్యాంకు మీద చెయ్యి ఆనించి, "అయినా రంగు మాత్రం..." అన్నాడు.

"ఇక ఆ మాట ఎత్తకు" అన్నాడు మేస్త్రీ.

వైర్ల మనిషి సంచీ భుజానికి సర్దుకున్నాడు. "నాకేం పని లేదిక్కడ. చెల్లెమ్మా, క్లచ్ సంగతి నేనైనా ఒక రోజులో పట్టేవాణ్ణి కాదు" అని బయల్దేరబోయాడు. మేస్త్రీ ఆపాడు.

"ఉండు నాయనా. ఎందుకు వచ్చావో చూసి పో. నిన్ను పిలిచింది నేనే కదా."

అలమర దగ్గరికి వెళ్లి, లప్పం గీకే తన పాత చాకు తెచ్చుకున్నాడు. మళ్లీ నేల మీద పడుకున్నాడు. ఈసారి మోకాళ్ల చప్పుడు ఎవరూ వినలేదు, అందరూ దగ్గరికి వచ్చి వంగి చూస్తున్నారు. చాకు మొన రంగు మీద పెట్టి ఆగాడు. అంత పెద్ద పనిమంతుడికి, తన రంగు తనే చెక్కడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు ఆగాడు.

"ఎంత గీకమంటావు అమ్మాయ్?"

"ఇనుము కనపడేదాకా మామయ్యా."

గీకాడు. సన్నగా, పొడి పొడిగా నల్లటి రజను ఆయన మొహం మీద రాలింది. కళ్లు చికిలించాడు గానీ ఆపలేదు. ఒక చోట తెల్లగా మెరిసింది.

"చాలా?"

కోడలు దీపం దగ్గరికి పెట్టి చూసింది. "ఇంకొంచెం. బిళ్ల ఆనినంత మేరా రావాలి."

మళ్లీ గీకాడు. ఆవిడ చూసింది. తల ఊపింది. వైరు బిళ్లను గరుకు కాగితంతో ఆవిడ రుద్ది ఇచ్చింది, ఆయన అందుకుని ఇనుము మీద పెట్టాడు. "తోక కిందికి" అంది. కిందికి తిప్పాడు. బోల్టు బిగించాడు. బిగించాక స్పానరు ఆవిడకిచ్చి, "నువ్వొకసారి చూడు" అన్నాడు. ఆవిడ చూసింది. ఇంకో పావు చుట్టు తిప్పింది.

తలుపులు వేశారు. రొట్టెలాయన హ్యాండిలు ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, వంతెన మలుపు లాంటివి ఎన్ని తిరిగాడో. గోడ మీద వెలుగు కదిలింది గానీ కంటి రెప్ప కూడా వేయలేదు.

"నాలుగు రోజులాగి వస్తా" అన్నాడు వైర్ల మనిషి వెళ్తూ, కోడలితో. "నా దగ్గర ఒక బండి ఉంది. ఛార్జింగు ఎక్కడ తినేస్తోందో అంతు చిక్కడం లేదు. ఒకసారి చూడాలి నువ్వు."

కోడలు జవాబు చెప్పే లోపలే మేస్త్రీ అన్నాడు: "తీసుకురా. షెడ్డులో చోటుంది."

రొట్టెలాయన బండి తోసుకుని పోలేదు. ఎక్కి పోయాడు. పట్టపగలే లైటు వేసుకుని పోయాడు. చూసినవాళ్లు నవ్వారు.

మధ్యాహ్నం మబ్బు విడింది. పెరటి తలుపు తెరిచి ఉంటే ఎండ వంటగది నేల మీద చాపలా పరుచుకుంది. అత్త నాలుగు కంచాలు పెట్టి వడ్డించి తనూ కూర్చుంది. కొడుకు కూర్చున్నాడు. మేస్త్రీ తొట్టి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. గోళ్లలో నల్ల రజను ఇంకా ఉంది. కొడుకు ముద్ద కలిపాడు. తండ్రి కంచంలో చెయ్యి పెట్టలేదని చూసి వాడూ ఆగాడు.

కోడలు షెడ్డులో పనిముట్లు సర్ది, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చేసరికి ఆలస్యమైంది. గుమ్మంలో ఆగి చూసింది. ముగ్గురూ కూర్చుని ఉన్నారు. అన్నం మీద ఆవిరి తగ్గిపోయింది. మేస్త్రీ తల ఎత్తకుండానే కొంచెం పక్కకు జరిగాడు. ఆవిడ వచ్చి ఆ చోట కూర్చుంది.

అప్పుడాయన ముద్ద కలిపాడు. అందరూ తిన్నారు.  కూరలో ఉప్పు లేదని ఎవరూ అనలేదు.